ఫోటో ఎడిటింగ్, స్క్రీన్ ప్రింటింగ్, లినోకట్: తిరుపతిలో నేర్చుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కంప్యూటర్లో బొమ్మ సిద్ధం చేసుకుని, దాన్ని చేత్తో గుడ్డ మీదో కాగితం మీదో అచ్చు వేయాలనుకునేవాళ్ల కోసం ఈ పేజీ. స్క్రీన్ ప్రింటింగ్ అంటే ఫ్రేముకు బిగించిన సన్న జల్లెడగుడ్డకు (మెష్) వెలుతురు తగిలితే గట్టిపడే ఎమల్షన్ పూసి, పారదర్శక ఫిల్మ్ మీది బొమ్మను వెలుతురుతో దాని మీదికి దించి (ఎక్స్‌పోజ్ చేసి), తెరుచుకున్న చోట్ల నుంచి ఇంకును రబ్బరు పలకతో (స్క్వీజీ) లాగడం. లినోకట్ అంటే మెత్తని లినోలియం పలకను చెక్కి, ఎత్తుగా మిగిలిన భాగానికి ఇంకు పూసి అద్దడం. అచ్చు బాగా రాకపోతే కొత్తవాళ్లు ముందు ఇంకును అనుమానిస్తారు, ఆ తర్వాత స్క్వీజీని. చాలాసార్లు తప్పు ఫైల్లోనే ఉంటుంది. అందుకే ఇక్కడ ఫైలునూ అచ్చునూ వేరుచేయకుండా, మెష్ ఎంత, ఇంకు ఏది అన్న దగ్గర మొదలుపెట్టి వెనక్కి ఫైలు దాకా ఆలోచించేలా జవాబులు రాశాం.

ఫోటోషాప్ కొనాల్సిందేనా?

అక్కర్లేదు. ఒకటి రెండు రంగుల పనికి జింప్ చాలు, అక్షరాలకూ గీతలకూ ఇంక్‌స్కేప్. రెండూ ఉచితం. దొంగ కాపీ ఫోటోషాప్ వేసుకుని కంప్యూటర్‌కు వైరస్ తెచ్చుకోవడం కంటే ఇదే మేలు. ఏది వాడినా మొదటి నెలలో చేతికి రావాల్సినవి కొన్నే: క్రాప్, లెవెల్స్, థ్రెషోల్డ్, లేయర్లు, సెలెక్షన్, రిజల్యూషన్ మార్చడం. ఫోన్ యాప్‌లలో దొరికే ముఖం మెరుగులు, బ్యాక్‌గ్రౌండ్ మాయలు ఈ పనికి దేనికీ కొరగావు.

ఫోన్‌తో తీసిన ఫోటో సరిపోతుందా?

సరిపోతుంది, వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపించుకోకపోతే. వాట్సాప్ ఫోటోను కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా కేబుల్‌తో ఎక్కించుకోండి. ఏ4 సైజు నిండా అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలంటే ఫైలు 2480 × 3508 పిక్సెళ్లు ఉండాలి. 12 మెగాపిక్సెల్ ఫోన్ ఇచ్చే 4000 × 3000 ఫోటో అదే లెక్కన సుమారు 34 × 25 సెంటీమీటర్ల దాకా వస్తుంది.

చిన్న ఫోటో తెచ్చి సైజు బాక్సులో 300 అని కొడితే కొత్త వివరం ఎక్కడి నుంచీ రాదు. మసక ఫోటో పెద్ద మసక ఫోటో అవుతుంది, అంతే. ఇంకో సంగతి. చుక్కలుగా విడగొట్టి గుడ్డ మీద వేసే ఫోటోకు 150 పిక్సెళ్లు కూడా చాలు, కానీ అక్షరాలు, సన్న గీతలు ఉన్న ఫిల్మ్ ఫైలు 600కు తగ్గకూడదు. తగ్గితే అంచులు మెట్లు మెట్లుగా పడతాయి. ఎమల్షన్ ఆ మెట్లను దాచదు, అలాగే దించుతుంది.

మామూలు ఫోటోను ఒక రంగు అచ్చుకు ఎలా మార్చాలి?

గోవిందరాజస్వామి గుడి గాలిగోపురం ఫోటోనే తీసుకోండి. నడినెత్తిన ఎండలో తీస్తే బొమ్మలన్నీ చదునుగా కనిపిస్తాయి. ఎండ ఏటవాలుగా పడే పొద్దుటి వేళ తీస్తే ప్రతి విగ్రహం కిందా నీడ ఉంటుంది. మనకు అచ్చులో మిగిలేది ఆ నీడే.

జింప్‌లో కలర్స్ మెనూలోకి వెళ్లి డీశాచురేట్‌తో రంగు తీసేయండి. లెవెల్స్‌లో రెండు చివరల త్రికోణాలను లోపలికి జరిపి నలుపు నలుపుగా, తెలుపు తెలుపుగా వచ్చేలా చేయండి. తర్వాత గాసియన్ బ్లర్ 1 నుంచి 2 పిక్సెళ్లు. మసక చేయడం ఎందుకని అడుగుతారు. ఫోన్ ఫోటోలోని గరుకుదనం అంతా తర్వాతి మెట్టులో ఇసుక చల్లినట్టు చుక్కలవుతుంది, దాన్ని ముందే చదును చేయడానికి. ఇప్పుడు థ్రెషోల్డ్. 127 దగ్గర మొదలుపెట్టి అటూ ఇటూ జరుపుతూ చూడండి.

గోపురం లాంటి బొమ్మకు ఒక్క థ్రెషోల్డ్ ఎప్పుడూ సరిపడదు. పై అంతస్తులు ఆకాశం వెలుగులో కొట్టుకుపోతాయి, కింది అంతస్తులు నల్లముద్దవుతాయి. థ్రెషోల్డ్‌కు ముందున్న లేయర్‌ను మూడుసార్లు డూప్లికేట్ చేసి 80, 130, 180 దగ్గర వేరువేరుగా కొట్టండి. ఒక్కో భాగానికి ఏది నప్పితే అది ఉంచి, మిగతాది లేయర్ మాస్క్‌తో మూసేయండి. ఆఖర్న 100 శాతం జూమ్‌లో చూస్తూ 0.3 మిల్లీమీటర్ల కన్నా చిన్న చుక్కలన్నీ తుడిచేయండి. అవి స్క్రీన్ మీద నిలవవు, నిలిచినా స్క్వీజీ ఒకటి రెండుసార్లు లాగగానే రాలిపోతాయి.

ఫోటోలో బూడిదరంగు ఛాయలు కూడా రావాలంటే?

హాఫ్‌టోన్ చేయాలి, అంటే ఛాయలను చిన్నా పెద్దా చుక్కలుగా మార్చాలి. జింప్‌లో ఫిల్టర్స్ కింద డిస్టార్ట్స్‌లో న్యూస్‌ప్రింట్ అని ఉంటుంది. ఎంత సన్న చుక్క వాడాలన్నది మీ ఇష్టం కాదు, మెష్ చెబుతుంది. మెష్ నంబరును 4 లేదా 5తో భాగించండి. అంగుళానికి 110 దారాలున్న మెష్ మీద అంగుళానికి 22 నుంచి 27 లైన్లు (చుక్కల వరసలు), 230 మెష్ మీద 46 నుంచి 57. అంతకంటే సన్నం చేస్తే చుక్క దారం కన్నా చిన్నదై, కొన్నిచోట్ల దారం దాన్ని మింగేస్తుంది. అప్పుడు బొమ్మ మీద పట్టుచీర మెరుపులాగా అలలు కనిపిస్తాయి. ఒకే రంగైతే చుక్కల వరస కోణం 22.5 డిగ్రీలు పెడితే ఈ అలలు చాలావరకు పోతాయి.

దుకాణంలో మెష్ నంబరు అడిగేటప్పుడు జాగ్రత్త. కొందరు అంగుళం లెక్క చెబుతారు, కొందరు సెంటీమీటర్ లెక్క. సెంటీమీటర్‌కు 43 అన్నదీ అంగుళానికి 110 అన్నదీ ఒకటే బోల్టింగ్ క్లాత్ (మెష్ గుడ్డ).

తెలుగు అక్షరాలు ఎందుకు విడిపోతున్నాయి? అచ్చులో ఎందుకు పూడుకుపోతున్నాయి?

రెండూ వేరువేరు జబ్బులు.

విడిపోవడం సాఫ్ట్‌వేర్ సమస్య. ఫోటోషాప్‌లో ఒత్తులు పక్కకు పోయి కనిపిస్తే ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగంలోకి వెళ్లి వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి. పాత వెర్షన్లలో అక్కడే మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటుంది. జింప్, ఇంక్‌స్కేప్‌లలో ఈ తిప్పలు లేవు. మీరు యూనికోడ్‌లో కొట్టిన ఫైలును అను ఫాంట్లు (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) వాడే డీటీపీ సెంటర్‌కు ఇస్తే అక్కడ చెత్త గుర్తులు రావచ్చు, వాళ్ల ఫైలు మీ దగ్గరా అంతే. అక్షరాలను పాత్‌గా మార్చి పీడీఎఫ్ ఇస్తే గొడవ ఉండదు. ఇంక్‌స్కేప్‌లో అక్షరాలను ఎంచుకుని పాత్ మెనూలో ఆబ్జెక్ట్ టు పాత్ నొక్కండి. అక్షర దోషాలు దిద్దడం దానికి ముందే అయిపోవాలి, తర్వాత దిద్దడానికి అక్షరం ఉండదు, బొమ్మే ఉంటుంది.

పూడుకుపోవడం ఇంకు సమస్య. మన అక్షరాల్లో అర్థం చిన్న చిన్న సందుల్లో ఉంటుంది. థలో చుక్క చుట్టూ ఉన్న సందు ఇంకుతో నిండితే థ ఏదో ధ ఏదో చెప్పలేం. షలో లోపలి గీత, ఘలో మెలికలు, క్ష్మి లాంటి గుత్తులు కూడా ఇలాగే దెబ్బతింటాయి. గుడ్డ మీద ఇంకు అంచు దాటి పాకుతుంది కాబట్టి ఏ సందూ 0.5 మిల్లీమీటర్ల కన్నా సన్నంగా ఉండకూడదు. ఏ4 కాగితం మీద మామూలు ప్రింటర్‌తో అసలు సైజులో ఒక కాపీ తీసి, స్కేలు పెట్టి చూడండి. తెర మీద పెద్దదిగా కనిపించేది నమ్మొద్దు.

ఫాంట్ల విషయానికి వస్తే, ఉచితంగా దొరికే రామభద్ర, ధూర్జటి, మండలి, సురన్న వంటివన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. సంచుల మీద పెద్ద అక్షరాలకు రామభద్ర బాగుంటుంది, కానీ చిన్న సైజులో దాని సందులు మూసుకుపోతాయి. చిన్న అక్షరాలకు మండలి మేలు. శ్రీకాళహస్తి కవి పేరు పెట్టుకున్న ధూర్జటి లినోకట్‌కు ప్రయత్నించి చూడదగ్గది.

పాజిటివ్ ఫిల్మ్ దేని మీద తీయాలి? అద్దంలో చూసినట్టు తిప్పాలా?

స్క్రీన్‌కైతే తిప్పొద్దు. స్క్వీజీ లాగే వైపు నుంచి చూసినప్పుడు అక్షరాలు సరిగ్గా చదవగలిగితే అంతా సరిగ్గా ఉన్నట్టు. టోనర్ ఉన్న వైపు ఎమల్షన్‌కు ఆనాలి. ప్లాస్టిక్ మందం అడ్డొస్తే వెలుతురు పక్క నుంచి దూరి గీతలు సన్నబడతాయి.

లేజర్ ప్రింటర్‌లో ట్రేసింగ్ పేపర్ చవక, అయితే వేడికి ముడుచుకుంటుంది. రెండు మూడు రంగుల పనికి ఒక్కో కాగితం ఒక్కోలా ముడుచుకుని రంగులు కలవవు, అక్కడ పాలియెస్టర్ ఫిల్మే వాడండి. ఫిల్మ్‌ను కిటికీ కేసి పట్టి చూడండి. నలుపులోంచి వెలుతురు కనిపిస్తే ఆ నలుపు చాలదు. అలాంటప్పుడు రెండు కాపీలు తీసి ఒకదాని మీద ఒకటి కచ్చితంగా అంటించండి. ప్రింట్ కొట్టేముందు ఫైలు గ్రేస్కేల్‌లో ఉందో లేదో, నలుపు పూర్తి నలుపేనో కాదో చూడండి. ముదురు బూడిదరంగు కంటికి నలుపులాగే ఉంటుంది, ప్రింటర్ మాత్రం దాన్ని చుక్కలుగా వేస్తుంది.

ఎమల్షన్ ఎలా పూయాలి? ఎండలో ఎక్స్‌పోజ్ చేయొచ్చా?

డయాజో ఎమల్షన్ తీసుకోండి. చవక అని బైక్రోమేట్ కలిపే రకాన్ని ఇప్పటికీ వాడేవాళ్లున్నారు. అది చర్మానికి తగిలితే దద్దుర్లు రావచ్చు, క్యాన్సర్ కారకం కూడా. ఇంట్లో, పిల్లలున్న చోట దాని జోలికి పోవద్దు.

ఎమల్షన్‌కు వెలుతురు గుణం ఇచ్చే సెన్సిటైజర్ కలిపాక బుడగలు పోవడానికి కొన్ని గంటలు వదిలేయండి. కలిపిన డబ్బా మీద తేదీ రాసి ఫ్రిజ్‌లో పెడితే నెలకు పైగా ఉంటుంది, తినే వస్తువుల పక్కన మాత్రం వద్దు. స్క్రీన్‌ను గిన్నెలు తోమే లిక్విడ్‌తో రుద్ది, కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. చేతి జిడ్డు ఉన్నచోట ఎమల్షన్ పట్టదు, తర్వాత పిన్‌హోల్స్‌గా (సూదిరంధ్రాలుగా) తేలుతుంది. స్కూప్ కోటర్‌తో (ఎమల్షన్ పోసి పూసే తొట్టి) బయటి వైపు, అంటే గుడ్డకు ఆనే వైపు ఒకసారి, లోపలి వైపు, అంటే స్క్వీజీ లాగే వైపు ఒకసారి పూసి, బయటి వైపు కిందికి ఉండేలా అడ్డంగా పడుకోబెట్టి చీకట్లో ఆరబెట్టండి. పసుపు బల్బు పెట్టుకోవచ్చు, ట్యూబులైటు వద్దు.

ఇక్కడే మన ఊరి వాతావరణం అడ్డొస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల రోజుల్లో పైకి ఆరినట్టు కనిపించే ఎమల్షన్ లోపల తేమగా ఉంటుంది. తేమ ఉన్నది ఎంత ఎక్స్‌పోజ్ చేసినా గట్టిపడదు, నీళ్లు పోయగానే బొమ్మతో సహా జారిపోతుంది. మే నెలలో గంట రెండు గంటల్లో ఆరేది ఆ రోజుల్లో రాత్రంతా ఫ్యాను కింద ఉండాల్సి రావచ్చు. అట్టపెట్టెలో సిలికా జెల్ పొట్లాలతో పెడితే ఇంకా నయం.

ఎండలో ఎక్స్‌పోజ్ చేయొచ్చు. చాలామంది అలాగే మొదలుపెడతారు. నల్లగుడ్డ చుట్టిన స్పాంజి షీటు కింద, దాని మీద స్క్రీన్ బయటి వైపు పైకి, ఆపైన ఫిల్మ్, ఆపైన 5 మిల్లీమీటర్ల గాజు. ఫిల్మ్‌కూ ఎమల్షన్‌కూ మధ్య గాలి ఉండకూడదు. సమయం ఎవరినీ అడగొద్దు, ఎందుకంటే అది మీ ఎమల్షన్‌ది, మీ మెష్‌ది, ఆ గంట ఎండది. ఒక పాత స్క్రీన్ మీద పరీక్ష చేసుకోండి: అట్టముక్కతో అంతా మూసి, ప్రతి 30 సెకన్లకు ఒక అంగుళం చొప్పున తీస్తూ ఆరు పట్టీలు వేయండి. మొదట తెరిచిన పట్టీకి 180 సెకన్లు, ఆఖరిదానికి 30 పడతాయి. కడిగాక లోపలి వైపు వేలితో తడిమి చూడండి. జారుడుగా ఉన్న పట్టీకి వెలుతురు చాలలేదు. సన్న గీతలు తెరుచుకోని పట్టీకి ఎక్కువైంది. రెండింటికీ మధ్యలో గీతలు తెరుచుకుని, జారకుండా ఉన్నదే మీ సమయం. మబ్బు రోజున ఈ లెక్కంతా తప్పుతుంది, ఆ రోజు వేరే పని పెట్టుకోండి.

అచ్చు వేసేటప్పుడు ఏం తప్పులు జరుగుతాయి?

అంచులు మసకగా, జంట గీతల్లా వస్తే స్క్రీన్ గుడ్డకు అంటుకుపోతోంది. స్క్రీన్‌కూ గుడ్డకూ మధ్య సుమారు 3 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. ఫ్రేమ్ మూలల కింద రెండేసి రూపాయి బిళ్ళలు అంటిస్తే దాదాపు ఆ ఎత్తు వస్తుంది. స్క్వీజీ వెళ్లగానే మెష్ గుడ్డను వదిలి పైకి లేవాలి. లేవడం లేదంటే ఆ ఎడం చాలలేదు, లేదా బోల్టింగ్ క్లాత్ వదులైంది.

ఇంకు కిందికి పాకితే స్క్వీజీ మరీ పడుకుంటోంది. 60 నుంచి 75 డిగ్రీల మధ్య నిలబెట్టి, ఒకే బలంతో ఒకే ఊపులో లాగండి. మధ్యలో ఆగితే ఆగినచోట అడ్డగీత పడుతుంది. రెండో లాగు వేయాలనిపిస్తే గుడ్డ కదలకముందే వేయండి.

నాలుగు అచ్చులకే బొమ్మలో భాగాలు రాకుండా పోతే ఇంకు మెష్‌లోనే ఆరిపోయింది. వేసవిలో ఇది మామూలే. తెల్లవారుజామున పని పెట్టుకోండి, టేబుల్ మీది ఫ్యాను ఆపండి, ప్రతి లాగు తర్వాత స్క్రీన్ ఎత్తి ఇంకును పల్చగా మళ్లీ పరచి ఉంచండి. నీటి ఇంకుకు కొద్దిగా గ్లిజరిన్ కలపొచ్చు, మితిమీరితే గుడ్డ మీద కూడా ఆరదు.

రెండు రంగుల మధ్య తెల్ల సందు కనిపిస్తే చెయ్యి కన్నా ముందు ఫైలును అనుమానించండి. లేతరంగును ముదురురంగు కిందికి 0.5 మిల్లీమీటర్లు చొరబెట్టాలి. 300 రిజల్యూషన్‌లో అది 6 పిక్సెళ్లు. జింప్‌లో లేతరంగు భాగాన్ని సెలెక్ట్ చేసి, సెలెక్ట్ మెనూలో గ్రో నొక్కి 6 ఇచ్చి నింపేయండి. ప్రతి ఫిల్మ్ మీదా ఒకేచోట ప్లస్ గుర్తులు వేయడం మరవొద్దు.

గుడ్డసంచి మీద వేసిన రంగు ఉతికితే పోతోంది. ఎందుకు?

ఎక్కువసార్లు కారణం మూడింటిలో ఒకటి. కొత్త కోరాగుడ్డలో గంజి ఉంటుంది, ముందు ఉతికి ఇస్త్రీ చేయకపోతే రంగు గంజికి పట్టుకుంటుంది, దారానికి కాదు. రెండోది పాళ్లు. 100 గ్రాముల బైండర్‌కు (రంగును గుడ్డకు పట్టి ఉంచేది) 3 నుంచి 5 గ్రాముల పిగ్మెంట్ (రంగు) చాలు. రంగు చిక్కగా కావాలని పిగ్మెంట్ కుమ్మరిస్తే పట్టి ఉంచడానికి బైండర్ చాలదు, రుద్దగానే చేతికి అంటుతుంది. ఫిక్సర్ 1 నుంచి 2 గ్రాములు, అదీ వాడబోయే ముందే. మూడోది వేడి. ఆరడం వేరు, పక్వానికి రావడం వేరు. పిగ్మెంట్ రంగుకు 150 డిగ్రీల సెల్సియస్ దగ్గర 3 నుంచి 5 నిమిషాలు కావాలి. ఇస్త్రీపెట్టెను కాటన్ దగ్గర పెట్టి, ఆవిరి లేకుండా, పైన పల్చటి గుడ్డ కప్పి, ఒక్కోచోట కొన్ని నిమిషాలు తిప్పుతూ నొక్కండి. ఒక ముక్కను మూడుసార్లు ఉతికి చూశాకే ఆర్డరు ఒప్పుకోండి.

ముదురు గుడ్డ మీద ఈ రంగు కనిపించదు. దానికి దుకాణంలో ఖాదీ పేస్ట్ అని అడగండి.

లినోకట్‌కు లినోలియం దొరక్కపోతే?

మెత్తని వినైల్ లేదా రబ్బరు షీట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, మొదటి నెలకు అవే సుఖం. చెయ్యి కుదిరాక 6 మిల్లీమీటర్ల ఎమ్‌డీఎఫ్ (చెక్కపొడి పలక) మీద చెక్కొచ్చు, వార్నిష్ ఒక పూత వేస్తే అంచులు పొడి రాలవు. తిరుపతి కనుక ఎర్రచందనం చెక్క వాడొచ్చా అని అడిగేవాళ్లు ప్రతిసారీ ఒకరుంటారు. వద్దు. అటవీశాఖ అనుమతి కాగితాలు లేని ఎర్రచందనం ముక్క దగ్గర ఉంచుకోవడమే కేసు.

బొమ్మను ఇక్కడ తప్పకుండా తిప్పాలి. జింప్‌లో ఇమేజ్ మెనూలో ట్రాన్స్‌ఫార్మ్ కింద ఫ్లిప్ హారిజాంటల్లీ. లేజర్ ప్రింట్‌ను బోర్లించి, మధ్యలో కార్బన్ పేపర్ పెట్టి గీసినా తిరిగిన బొమ్మే దిగుతుంది. వీ ఆకారపు ఉలితో గీతల అంచులు, యూ ఆకారపు ఉలితో ఖాళీలు. ఉలి ఎప్పుడూ మీకు దూరంగా పోవాలి, పట్టుకున్న చెయ్యి ఉలికి వెనకే ఉండాలి. లినోకట్‌లో ఎక్కువ గాయాలు పలకను పట్టుకున్న చేతికే తగులుతాయి, తరచుగా కారణం ఉలి మొద్దుబారడం. మొద్దు ఉలికి బలం ఎక్కువ పెట్టాలి, బలం పెడితే జారుతుంది.

ఇంకును గాజుపలక మీద రబ్బరు రోలర్‌తో పరచండి. చిక్కగా ఉంటే రోలర్ పచ్‌పచ్‌మని పెద్దగా శబ్దం చేస్తుంది, పైన నారింజ తొక్కలాంటి గుంటలు కనిపిస్తాయి. పల్చబడేకొద్దీ అది సన్నగా బుసకొట్టినట్టు వినిపిస్తుంది. అక్కడ ఆపి చెక్క మీద ఎక్కించండి. ప్రెస్సులో మిగిలిన ఆఫ్‌సెట్ ఇంకు దొరికితే భేషుగ్గా పనికొస్తుంది. వంటనూనెతో తుడిచి, తర్వాత సబ్బుతో కడిగితే రోలర్ శుభ్రపడుతుంది. కిరసనాయిలు అక్కర్లేదు. 120 నుంచి 150 జీఎస్ఎమ్ కాగితం వేసి, వెనక నుంచి స్టీలు గరిటె వీపుతో చిన్న చిన్న సున్నాల్లా రుద్దండి. ఒక మూల లేపి చూసి, తక్కువైనచోట మళ్లీ రుద్దొచ్చు. ఈ వెసులుబాటు స్క్రీన్‌లో లేదు.

ఒకే చెక్కను చెక్కుకుంటూ పోతూ లేతరంగు నుంచి ముదురురంగుకు వేసే పద్ధతిలో వెనక్కి పోవడం ఉండదు. పది కాపీలు కావాలంటే మొదటి రంగు పద్నాలుగు వేసుకోండి, నాలుగు పాడవుతాయి.

శ్రీకాళహస్తి కలంకారీ కూడా అచ్చే కదా?

కాదు. శ్రీకాళహస్తిది కలంతో చేత్తో రాసేది. చెక్క దిమ్మెలతో అద్దేది మచిలీపట్నం, పెడన వైపు పద్ధతి. రెండింటికీ వేరువేరుగా భౌగోళిక గుర్తింపు ఉంది. కలంకారీ బొమ్మను స్కాన్ చేసి స్క్రీన్ మీద వేసి, శ్రీకాళహస్తి కలంకారీ అని అమ్మడం చట్టానికీ విరుద్ధం, పక్క ఊరి చేతిపనివాళ్ల పొట్టా కొడుతుంది. స్క్రీన్ ప్రింట్ అని చెప్పి అమ్మండి, కొనేవాళ్లు కొంటారు.

ఎచింగ్ ఇంట్లో నేర్చుకోవచ్చా?

రాగి, జింక్ పలకలకు యాసిడ్ పట్టించే పని ఇంట్లో వద్దు, నైట్రిక్ యాసిడ్ అసలు వద్దు. అక్రిలిక్ షీటు మీద సూదితో గీసి డ్రైపాయింట్ చేయొచ్చు. కాకపోతే గాట్లలోని ఇంకు కాగితానికి ఎక్కాలంటే తడిపిన కాగితం, రోలర్ ప్రెస్ రెండూ కావాలి, గరిటె బలం చాలదు.

ఈ రంగంలో ప్రపంచమంతా పేరున్న మనిషి మన ఉమ్మడి చిత్తూరు జిల్లావాడే. 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో చదివి, పారిస్‌లో స్టాన్లీ విలియం హేటర్ నడిపిన అటెలియే 17 అనే అచ్చుకళ స్టూడియోలో పనిచేశారు. ఒకే పలక మీద ఒకేసారి ఎన్నో రంగులు వేసే విస్కాసిటీ పద్ధతిని అక్కడ పెంచినవాళ్లలో ఆయన ముఖ్యులు. 1972లో పద్మశ్రీ వచ్చింది, 2018లో న్యూయార్క్‌లో పోయారు. పద్ధతి కిటుకు అవిసె నూనెలో ఉంది. నూనె ఎక్కువ కలిపిన పల్చటి ఇంకును గట్టి రోలర్‌తో పలక పైభాగానికి పూస్తారు. ఆ తర్వాత చిక్కటి ఇంకును మెత్తటి రోలర్‌తో పోనిస్తే అది పల్లాల్లోకి దిగుతుంది, పల్చటి ఇంకు ఉన్నచోట అంటుకోదు. ఆయన పలకలను శిల్పంలా ఎత్తుపల్లాలుగా చెక్కింది అందుకే.

ఎక్కడ నేర్చుకోవాలి? సామాను ఎక్కడ?

స్క్రీన్ ప్రింటింగ్‌కు ఊళ్లో శుభలేఖలు, సంచులు వేసే ఏ చిన్న యూనిట్‌లోనైనా పదిరోజులు నిలబడి చూస్తే తరగతుల కన్నా ఎక్కువ వస్తుంది. పెళ్లిళ్ల సీజన్ అయ్యాక అడగండి, అప్పుడైతే చెప్పే తీరిక ఉంటుంది. తితిదే సంప్రదాయ శిల్ప విద్యాసంస్థలో శిల్పం, సంప్రదాయ చిత్రలేఖనం, కలంకారీ నేర్పుతారు. గీత గట్టిపడాలంటే అది మంచి చోటు. ఎచింగ్, లితో (రాతి అచ్చు) లాంటి వాటికి ప్రెస్ ఉన్న స్టూడియో కావాలంటే చెన్నైలో లలిత కళా అకాడమీ ప్రాంతీయ కేంద్రంలో గ్రాఫిక్స్ విభాగం ఉంది. కాగితం కోసం కూడా చెన్నైకే పోవచ్చు, జార్జిటౌన్‌లో ఆండర్సన్ వీధి పేపరు దుకాణాలకు పెట్టింది పేరు.

నెట్‌లో దొరికిన స్వామివారి ఫోటోను సంచి మీద వేసి అమ్మొచ్చా?

దేవుడి రూపం అందరిదీ, ఫోటో మాత్రం తీసినవాళ్లది. మన చట్టంలో ఫోటోకు అది ప్రచురితమైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. మీరే గీయండి, లేదా మీరు తీసిన గోపురం ఫోటోను వాడండి. తిరుపతి లడ్డు పేరుకు కూడా 2009 నుంచి తితిదే పేరిట భౌగోళిక గుర్తింపు ఉంది, మిఠాయి పొట్లాల మీద అచ్చు వేయమని ఎవరైనా అడిగితే గుర్తుంచుకోండి.

మిగిలిన ఇంకు, కడిగిన నీళ్లు ఎక్కడ పోయాలి?

స్క్రీన్ మీది ఇంకును ముందు అట్టముక్కతో గీకి డబ్బాలోకి తీయండి, మిగిలిన మరకను పాత గుడ్డతో తుడవండి, ఆ తర్వాతే నీళ్లు. ఇలా చేస్తే కాలువలోకి పోయేది చాలా తగ్గుతుంది. పిగ్మెంట్ బైండర్ పైపులో గట్టిపడితే ప్లంబర్‌ను పిలవాల్సిందే. కడిగిన నీళ్లను బకెట్‌లో ఒక రాత్రి తేరనిచ్చి, పైనీళ్లు వంచి, అడుగు మడ్డిని ఎండబెట్టి చెత్తలో వేయండి. థిన్నర్ తడిసిన గుడ్డలను కుప్పగా పడేయకుండా బయట నీడలో విడివిడిగా ఆరేయండి, ముఖ్యంగా ఎండాకాలంలో.